హెచ్‌పీవీ సూది వేయించాలా, వద్దా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టి హెచ్‌పీవీ టీకా గురించి చెప్తే మైకు దగ్గరకొచ్చి అడిగేవాళ్లు ఉండరు. మీటింగు అయ్యాక, చెప్పులేసుకునే చోట, ఏఎన్ఎం చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లి అడుగుతారు. అట్లా అడిగినవే ఇక్కడ రాశాం. కావలి, పొదలకూరు వైపు అడిగే యాస వేరు, కనిగిరి, దర్శి వైపు యాస వేరు. భయాలు మాత్రం దాదాపు అవే. అడిగిన మాటలు అడిగినట్టే ఉంచాం.

ఇంతకీ ఇది ఏం జబ్బుకి?

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే కేన్సర్ రాకుండా వేసే టీకా. ఆ కేన్సర్‌కు దాదాపు ప్రతిసారీ కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. క్లుప్తంగా హెచ్‌పీవీ. అందులో 200కు పైగా రకాలున్నాయి. వాటిలో 16, 18 అనే రెండు రకాల వల్లే ఈ కేన్సర్ కేసుల్లో సుమారు 70 శాతం వస్తున్నాయి. ఈ సంగతి కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ త్సూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మన దేశంలో 2022 అంచనా ప్రకారం ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మందికి ఈ కేన్సర్ కొత్తగా వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. రోజుకు రెండొందల మంది పైమాటే.

వైరస్ సోకిన ప్రతి ఒక్కరికీ కేన్సర్ వస్తుందని అనుకోకండి. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది. వదలకుండా మిగిలిన కొద్దిమందిలో పదిహేను, ఇరవై ఏళ్లు గడిచాక కేన్సర్‌గా మారుతుంది. ఈ సూదికి వచ్చిన చిక్కంతా అక్కడే ఉందని మాకనిపిస్తుంది. పన్నెండేళ్ల పిల్లకు ఇవాళ సూది వేయిస్తే దాని ఫలం ఆ పిల్లకు నలభై దాటాక గానీ కనపడదు. డెంగీ వచ్చిన ఊళ్లో దోమల మందు కొట్టమని ఎవరూ బతిమాలించుకోరు. ఇది అట్లా కళ్లెదుట ఉండే జబ్బు కాదు.

మా పాప ఇంకా పెద్దమనిషే కాలేదు. ఇప్పుడే ఎందుకమ్మా?

అందరికంటే ఎక్కువగా అమ్మమ్మలు, జేజిలు అడిగే ప్రశ్న ఇది. పెద్దమనిషి కావడానికీ దీనికీ లంకె లేదు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించమనడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే టీకా పూర్తిగా పనిచేస్తుంది. వచ్చిన వైరస్‌ను ఇది తీసేయలేదు. రెండు, ఆ వయసులో ఒళ్లు టీకాకు బాగా స్పందిస్తుంది. పదిహేను దాటినవాళ్లకు కంపెనీ లెక్క ప్రకారం మూడు డోసులు పడితే చిన్నవాళ్లకు రెండే చాలు.

పెద్దమనిషి అయిందా, కాలేదా, నెలసరిలో ఉందా అన్నదాంతో పనిలేదు. నెలసరి రోజున కూడా వేయించవచ్చు.

పెళ్లి కాని పిల్లకు ఇట్లాంటి సూది వేయిస్తే మేమే దారి చూపించినట్టు కాదా?

ఈ ప్రశ్నను ఇంత నేరుగా అడిగేవాళ్లు తక్కువ. ‘మా ఇళ్లల్లో అట్లాంటివి ఉండవు లేండి’ అని నవ్వేసి వెళ్లిపోతారు. ప్రశ్న మాత్రం ఇదే. హెచ్‌పీవీ ఎక్కువగా లైంగిక సంబంధంలో సోకే వైరస్ కాబట్టే ఈ అనుమానం.

మీ పాప పుట్టినప్పుడు ఆస్పత్రిలో 24 గంటల్లోపు ఒక సూది వేశారు, గుర్తుందా? అది హెపటైటిస్ బి టీకా. ఆ వైరస్ కూడా రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా సోకేదే. పురిటి బిడ్డకు వేస్తుంటే ఆ బిడ్డ నడత గురించి ఎవరికీ అనుమానం రాలేదు. ఏ జబ్బుకని అడిగి వేయించుకున్నాం, అంతే. హెచ్‌పీవీ సూదినీ అట్లాగే చూడాలి.

ఇంకో మాట. హెచ్‌పీవీ లైంగిక సంబంధంలో చర్మానికి చర్మం తగిలితే సోకే వైరస్. పెళ్లయ్యి, జీవితమంతా ఒక్క మొగుడితోనే కాపురం చేసిన ఆడమనిషికీ ఆ మొగుడి నుంచి రావచ్చు. అతనికి కూడా అది ఉన్నట్టు తెలియదు, ఎందుకంటే బయటికి ఏ లక్షణమూ కనపడదు. ఈ కేన్సర్‌తో ఆస్పత్రికి వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమంది అలాంటి ఇల్లాళ్లే. వాళ్లను చూసి ‘ఏం చేసిందో’ అనే నోళ్లున్నాయి మన ఊళ్లల్లో. ఆ నోళ్లకు భయపడే చాలామంది ఆలస్యంగా వస్తారు.

ఖమ్మంలో ఈ సూది వేసుకుని ఆడపిల్లలు చనిపోయారంట కదా?

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. అడిగినవాళ్లకు ‘అవన్నీ పుకార్లు’ అని చెప్పి పంపడం తప్పు, ఎందుకంటే అక్కడ నిజంగా ఒక తప్పు జరిగింది. ఏది జరిగింది, ఏది జరగలేదు అన్నది విడదీసి చెప్పుకోవాలి.

2009లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి, ఈ టీకాను జనంలో ఎట్లా వేయాలో చూసే ఒక ప్రాజెక్టు పెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదరలోనూ అట్లాగే వేశారు. ఆ తర్వాత నెలల్లో రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు.

ఆ మరణాల మీద విచారణ జరిగింది. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు తాగడం, మలేరియా వంటి కారణాలు తేలాయి. వాటికీ టీకాకూ సంబంధం ఉన్నట్టు విచారణ సంఘానికి కనపడలేదు. వేలమంది పిల్లల్ని ఏడాది పాటు గమనిస్తే, టీకా వేసినా వేయకపోయినా, కొన్ని మరణాలు ఉంటాయి. అది మనసుకు రుచించని మాటే.

మరి తప్పు ఎక్కడ జరిగింది? సంతకాల దగ్గర. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదివితే ఎవరికైనా కోపం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. తల్లీ తండ్రీ కాదు. వాళ్లలో చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో ఉండేవాళ్లు. చాలామంది ఇంట్లోవాళ్లకు సూది సంగతే తెలియదు. తెలియకుండా వేశాక పిల్లకు ఏమైనా అయితే, దేనివల్ల అయిందో ఎంత చెప్పినా తల్లి ఎట్లా నమ్ముతుంది?

సూది మీద పోయిన నమ్మకంలో సగం ఆ కాగితాల మీదే పోయింది. అందుకే మీకు ఇచ్చిన సమ్మతి పత్రాన్ని చదివి, అడగాల్సింది అడిగి, మీ చేత్తో మీరే సంతకం పెట్టండి. ఇష్టం లేకపోతే లేదని రాసివ్వండి. అది మీ హక్కు.

పాప గురుకులం హాస్టల్లో ఉంది. వార్డెన్ గారు సంతకం పెడితే చాలదా?

చాలదు. పైన చెప్పిందే కారణం. సూది వేసే తేదీ ముందుగా చెప్పమని అడగండి. వెళ్లలేకపోతే కాగితం ఇంటికి పంపమనండి, సంతకం పెట్టి పంపండి.

వాళ్ల నాయన బెంగళూరులో పనికి పోయినాడు. ఆయన్ని అడక్కుండా నేనెట్లా పెట్టేది?

తల్లి సంతకం చాలు. తండ్రి సంతకమే కావాలని రూలేమీ లేదు. అయితే కాగితం మీద రూలు వేరు, ఇంట్లో రూలు వేరు, అది మాకూ తెలుసు. ఉదయగిరి, కనిగిరి పక్కన మొగవాళ్లు బెంగళూరు, హైదరాబాదు పనులకు పోవడం ఎక్కువ. కాగితం పాప జామెట్రీ బాక్సులో కంపాసు కింద మడతపడి నెలలు ఉండిపోతుంది. సంక్రాంతికి నాయన వచ్చినప్పుడు బయటికి తీస్తే అప్పటికి సూది వేసే బృందం వచ్చి వెళ్లిపోయి ఉంటుంది.

ఒక పని చేయండి. ఏఎన్ఎం గానీ డాక్టరు గానీ ఎదురుగా ఉన్నప్పుడే ఆయనకు ఫోన్ కలిపి ఇవ్వండి. ‘ఏందిది, ఎవరు చెప్పారు’ అని ఆయన మిమ్మల్ని అడిగేబదులు తెలిసినవాళ్లనే అడుగుతాడు. మీటింగులకు తల్లులు మాత్రమే వస్తారు, ఇంట్లో చివరి మాట తండ్రిదో నాయనమ్మదో అవుతుంది. అన్నీ విని ఒప్పుకుని వెళ్లిన తల్లి ఇంటికి పోయి తిరిగి ఒప్పించాల్సి వస్తుంది. ఆ బరువు ఆమె ఒక్కదాని మీదే పడేయడం న్యాయం కాదు.

తల్లిదండ్రులిద్దరూ ఊళ్లో లేకుండా జేజి దగ్గర పెరిగే పిలకాయల విషయంలో సంరక్షకులుగా జేజే సంతకం పెట్టవచ్చు. అయినా అమ్మానాన్నలకు ఒక మాట చెప్పి పెట్టడం మంచిది.

పాపను కూడా అడగండి. ఎందుకు వేస్తున్నారో పన్నెండేళ్ల పిల్లకు చెప్తే అర్థమవుతుంది.

ఈ సూది వేయిస్తే పిల్లలు పుట్టరంట?

పుడతారు. ఈ టీకా మార్కెట్లోకి వచ్చింది 2006లో. అప్పట్లో వేయించుకున్న అమ్మాయిలకు ఇప్పుడు బిడ్డలున్నారు. ప్రపంచమంతా కోట్ల డోసులు వేశాక కూడా సంతానానికి దెబ్బ అనే రుజువు ఎక్కడా రాలేదు. నిజానికి గర్భసంచికి ముప్పు తెచ్చేది కేన్సరే. వచ్చాక చేసే ఆపరేషన్, రేడియేషన్ తర్వాత బిడ్డలు కనే అవకాశం చాలామందికి ఉండదు.

వాట్సాప్‌లో తిరిగే ‘జనాభా తగ్గించడానికి వేస్తున్నారు’ అనే ఆడియో మేమూ విన్నాం. పోలియో చుక్కల రోజుల్లోనూ ఇదే పాట.

పనిచేస్తుందని రుజువేంది? ఇరవై ఏళ్లు ఆగితే గానీ తెలియదన్నారుగా.

వేరే దేశాలు మనకంటే ముందు మొదలుపెట్టాయి కాబట్టి ఇప్పుడు తెలుస్తోంది. స్వీడన్‌లో 17 ఏళ్లలోపు టీకా వేయించుకున్నవాళ్లలో ఈ కేన్సర్ 88 శాతం తక్కువగా ఉందని 2020లో లెక్క తేలింది. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే వేయించుకున్న అమ్మాయిల రికార్డులు తిరగేస్తే, 2024 జనవరిలో చెప్పిందాని ప్రకారం, వాళ్లలో ఒక్కరికి కూడా లోపలికి పాకే ముఖద్వార కేన్సర్ కనపడలేదు.

వేసి ఆపేసిన దేశం కథ కూడా ఉంది. జపాన్‌లో 2013లో కొందరు అమ్మాయిలకు నొప్పులు, వణుకు వచ్చాయని టీవీల్లో రావడంతో ప్రభుత్వం సిఫారసు చేయడం మానేసింది. 70 శాతం దాకా ఉన్న టీకా వాడకం ఒక శాతం కిందికి పడిపోయింది. పరిశోధనలు చేసి సంబంధం లేదని తేల్చుకుని 2022లో మళ్లీ సిఫారసు మొదలుపెట్టారు. మధ్యలో ఆ తొమ్మిదేళ్ల పాటు టీకా వయసుకొచ్చిన ఆడపిల్లలు చాలామంది సూది లేకుండా మిగిలిపోయారు.

ఒక డోసా, రెండా, మూడా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

ముగ్గురు చెప్పిందీ నిజమే, ఎవరు ఏ లెక్కన చెప్పారన్నదే తేడా. కంపెనీ కాగితం ప్రకారం 9 నుంచి 14 ఏళ్లవాళ్లకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు. 15 దాటితే మూడు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వరకు ఒక్క డోసుతో సరిపెట్టినా రక్షణ వస్తుందని చెప్పింది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మాత్రం ఒక్కటి చాలదు.

ఒక్క డోసు చాలన్న రుజువుల్లో పెద్దది మన దేశంలోనిదే. 2009లో రెండు డోసులా మూడా అని తేల్చడానికి వేరే అధ్యయనం ఒకటి మొదలైంది. ఖమ్మం గొడవతో 2010లో దాన్నీ ఆపమన్నారు. దాంతో వేలమంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే ఆగిపోయారు. పదేళ్లు వాళ్లను గమనిస్తే, 16, 18 రకాలు ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసు కూడా 95 శాతం దాకా కాపాడుతోందని 2021లో తేలింది. ఎవరూ అనుకుని చేసిన పని కాదది.

సూది వేసిన రోజు ఏమవుతుంది?

ఎడమ చెయ్యి పైభాగంలో, భుజం కండకు, అర మిల్లీలీటరు మందు. నిమిషం పని. చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పిగా ఉంటుంది, కొంచెం వాస్తుంది. కొందరికి జ్వరం, తలనొప్పి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు.

కళ్లు తిరిగి పడటం గురించి మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఈ వయసు పిల్లల్లో ఏ సూదికైనా అది ఉంటుంది. బడిలో ఎట్లా జరుగుతుందో చూడండి: పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల వరసలో ముప్పావు గంట ఎండన నిలబడుతుంది. ముందున్న పిల్ల సూది చూసి కెవ్వుమంటుంది. తన వంతు వచ్చేసరికి చేతులు చల్లబడి, సూది తీసీతీయగానే ఒరిగిపోతుంది. ఆమెను చూసి వెనక ఇంకో ముగ్గురు. కిటికీలోంచి చూసినవాళ్లెవరో వీడియో తీస్తారు, సాయంత్రానికి అది ఊళ్లన్నీ తిరుగుతుంది. కొలంబియాలో ఒక ఊళ్లో 2014లో వందలమంది అమ్మాయిలకు ఇట్లాగే జరిగితే దేశమంతా జనం టీకాకు దూరమయ్యారు. విచారిస్తే మందులో దోషం లేదు.

కాబట్టి ఆ రోజు ఇడ్లీయో సద్దన్నమో తినిపించే పంపండి. నీళ్ల బాటిల్ ఇవ్వండి. కూర్చోబెట్టి వేయమని, వేశాక 15 నిమిషాలైనా అక్కడే కూర్చోబెట్టమని అడగండి. టీచర్లకు మా మనవి: వేసే గది వేరు, ఎదురుచూసే గది వేరు పెట్టండి. ఈ ఒక్క ఏర్పాటుతో సగం పుకార్లు పుట్టవు.

తెరిచే ముందు సీసా మీద పేరు, గడువు తేదీ చూపించమంటే చూపిస్తారు. ఐస్ పెట్టెలోంచి తీసిందా, బల్ల మీద పెట్టుకున్నదా అనీ గమనించండి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి.

ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అది చాలా అరుదు. ఏ ఇబ్బంది వచ్చినా ఏఎన్ఎంకు చెప్పి రాయించండి. చెప్తే మాటపడతామని దాచుకోవద్దు.

ఎవరికి వేయకూడదు?

మొదటి డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లకు, ఈస్ట్ (బన్ను రొట్టె పొంగడానికి వేసేది) పడనివాళ్లకు వేయరు. గర్భంతో ఉంటే కాన్పు అయ్యేదాకా ఆగాలి. జ్వరం బాగా ఉంటే తగ్గాక వేయించాలి.

ఇందులో పంది కొవ్వు కలుస్తుందా?

నెల్లూరులో ముస్లిం తల్లులు అడిగారు. హెచ్‌పీవీ టీకాల్లో గార్డసిల్ అనేది ఒకటి. అందులో ఏమేం ఉన్నాయో కంపెనీ ఇచ్చే జాబితాలో, పంది లాంటి జంతువుల నుంచి తీసే జెలటిన్ లేదు. బతికి ఉన్న వైరస్ కూడా ఏ హెచ్‌పీవీ టీకాలోనూ ఉండదు. బన్ను రొట్టె పొంగడానికి వాడే ఈస్ట్‌లో తయారుచేసిన వైరస్ పైతొడుగు మాత్రమే గార్డసిల్‌లో ఉంటుంది. ఆ తొడుగు వల్ల జబ్బు రాదు.

ఎంతవుతుంది?

ప్రభుత్వం వేసేచోట డబ్బు కట్టక్కర్లేదు. మీ ఊళ్లో ఎప్పుడు, ఏ వయసువాళ్లకు అన్నది ఏఎన్ఎంను గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడగండి. నెల్లూరు, ఒంగోలు, కావలిలో పిల్లల డాక్టర్ల దగ్గరా దొరుకుతుంది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌ను 2023లో విడుదల చేసినప్పుడు ప్రైవేటులో డోసు 2,000 రూపాయల దగ్గర ఉంది. తొమ్మిది రకాల మీద పనిచేసే గార్డసిల్-9 అయితే పదివేల పైమాటే. డబ్బు కూడబెట్టి ఖరీదైనదే వేయిస్తామని ఏళ్లు ఆగడం కంటే 16, 18 రకాలను ఆపే మామూలుది ఇప్పుడే వేయించడం మేలని మా అభిప్రాయం.

బిడ్డలు పుట్టాక గర్భసంచి తీయించేస్తే పోలా?

ఇది ఎక్కడా పుస్తకాల్లో కనపడని ప్రశ్న, మన వైపు మాత్రం బాగా వినపడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలో అందరికంటే ఎక్కువున్నది మన రాష్ట్రంలోనే. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా, ‘కేన్సర్ వస్తుందేమో’ అనే ఒక్క మాటతో ముప్పై ఐదేళ్లకే తీయించుకున్నవాళ్లు ప్రతి వీధిలో కనిపిస్తారు. తర్వాత వచ్చే ఒంటి ఆవిర్లు, ఎముకల నొప్పుల గురించి ముందు చెప్పినవాళ్లు లేరు. కూతురికి సూది వేయించడానికి వెనకాడి, అదే కేన్సర్ భయంతో కోతకు సిద్ధపడటం ఏం లెక్కో మాకు అంతుపట్టదు.

మగపిల్లలకు కూడా వేస్తారా?

వేయించవచ్చు. సెర్వావాక్‌కు 9 నుంచి 26 ఏళ్ల మగవాళ్లకూ అనుమతి ఉంది. గొంతు, మలద్వారం, పురుషాంగం కేన్సర్లలో కొన్ని ఈ వైరస్ వల్లే వస్తాయి. ఆస్ట్రేలియా 2013 నుంచి అబ్బాయిలకూ వేస్తోంది. స్తోమత ఉంటే వేయించండి, ఒక్కరికే వేయించగలిగితే ముందు అమ్మాయికి.

పాపకు పద్దెనిమిది నిండాయి, సంబంధం కుదిరింది. ఇప్పుడు లాభమా?

లాభమే. పెళ్లికి ముందే మొదలుపెట్టండి. పెళ్లయినవాళ్లకూ 26 ఏళ్ల వరకు వేస్తారు, ఫలితం కొంచెం తగ్గవచ్చు.

తాగడానికి మంచినీళ్లు ఇవ్వండయ్యా అంటే ఏళ్లు పట్టింది. అడగని సూదికి మాత్రం ఇంత తొందరేంది?

కనిగిరి పక్క ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరి పెద్దాయన అడిగాడు. సభలో అందరూ నవ్వారు గానీ అది నవ్వులాట మాట కాదు. ప్రభుత్వం మీద అపనమ్మకం సూదితో మొదలు కాలేదు. నీళ్ల సంగతి వదలకుండా అడగండి, సూది సంగతి విడిగా తేల్చుకోండి. నీళ్ల మీద కోపంతో సూది మానేస్తే ఆ నష్టం భరించేది మనవరాలు.

మరి నా సంగతి? నాకు నలభై దాటాయి.

తల్లులు చివర్లో, గొంతు తగ్గించి అడుగుతారు. మీకు కావాల్సింది పరీక్ష. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు ఐదేళ్లకోసారి ముఖద్వారం పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్ని పలచగా పూసి రంగు మారిందా అని చూస్తారు. కొద్ది నిమిషాలు పడుతుంది, కోత ఉండదు. తేడా ఉంటే ఒంగోలు, నెల్లూరు సర్వజన ఆస్పత్రులకు పంపుతారు. సంభోగం తర్వాత రక్తం, ముట్లుడిగాక మళ్లీ రక్తం, వాసనతో తెల్లబట్ట ఉంటే ఐదేళ్ల లెక్క చూసుకోకుండా వెంటనే వెళ్లండి. కేన్సర్ అని తేలినా ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఉంది.

సూది వేయించుకున్న అమ్మాయి కూడా ముప్పై దాటాక ఈ పరీక్ష చేయించుకోవాలి. టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు.

రెండో డోసు తేదీ దాటిపోయింది. మళ్లీ మొదట్నుంచి వేయించాలా?

అక్కర్లేదు. ఎంత ఆలస్యమైనా మొదటిది లెక్కలో ఉంటుంది, మిగిలింది వేయిస్తే సరిపోతుంది. మొదటి డోసు కార్డు మాత్రం పారేయకండి. రేషన్ కార్డు పెట్టే కవర్లోనే పెట్టి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.